పరిమిత బడ్జెట్‌లో తొలి కెమెరా: ఎంపిక నుంచి తొలి వారం పరీక్షల దాకా

తొలి కెమెరా కొనాలనుకునేవారిలో చాలామంది రెండు మూడు బాడీల (లెన్స్ లేని కెమెరా భాగాల) పేర్లు రాసుకుని, వాటి మెగాపిక్సెళ్లు పోల్చి చూసుకుని, లెన్స్ సంగతి మిగిలిన డబ్బుతో చూసుకోవచ్చులే అని వదిలేస్తారు. డబ్బుకు కొదవ లేనివారికి ఈ పద్ధతితో పెద్ద నష్టమేమీ ఉండదు. లెక్క చూసుకుని కొనేవారికి మాత్రం ఇది గిట్టుబాటు కాదు. ఏ ఫొటోలు తీయాలో ముందు తేల్చుకోవాలి. దానికి ఎలాంటి లెన్స్ కావాలో ఆ తర్వాత చూడాలి. ఆ లెన్స్‌తో సక్రమంగా పనిచేసే బాడీల్లో చవకైనది ఏదో అన్నిటికన్నా చివర వెతకాలి. ఈ మార్గదర్శి కూడా అదే వరుసలో సాగుతుంది.

1. మీ ఫోన్ ఎక్కడ చేతులెత్తేస్తోందో చూడండి

పగటి వెలుతురులో, దగ్గరగా ఉన్న వస్తువులనూ విశాలమైన దృశ్యాలనూ తీయడంలో నేటి ఫోన్లు చవక కెమెరాలకు ఏమాత్రం తీసిపోవు. కాబట్టి కొత్త కెమెరా దేనికోసమో స్పష్టం కావాలంటే, గత కొన్ని నెలల్లో ఫోన్‌తో తీసిన ఫొటోలను తెరిచి, మీకు అసంతృప్తి కలిగించిన వాటిని ఒక ఆల్బమ్‌లో వేరుచేయండి. ఒక్కొక్కదాని వివరాల్లోకి వెళ్తే షటర్ స్పీడ్ (వెలుతురు లోపలికి పడే సమయం), ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే తీవ్రత) విలువలు కనిపిస్తాయి. ఇంట్లో దీపాల వెలుగులో తీసిన ఫొటోలో షటర్ స్పీడ్ 1/20 సెకను అని ఉండి, పిల్లవాడి చేయి మసకగా కనిపిస్తుంటే, మీకు కావలసింది ఎక్కువ వెలుతురును లోపలికి తీసుకునే లెన్స్. పక్షి చుక్కలా మిగిలిపోయి, పెద్దది చేసి చూస్తే ఈకలు చెరిగిపోయినట్టు ఉంటే, మీకు కావలసింది పొడవైన ఫోకల్ లెంగ్త్, అంటే దూరపు వస్తువును దగ్గరకు తెచ్చి చూపే లెన్స్. ముఖం మీద నీడ పడటమో, వెనుక గోడ గజిబిజిగా ఉండటమో మీ అసంతృప్తికి కారణమైతే, ఏ కెమెరా కొన్నా ఫలితం అంతే ఉంటుంది. అది నిలబడే చోటును, వెలుతురు వచ్చే దిక్కును ఎంచుకోవడంలో వచ్చే లోపం.

వేరుచేసిన ఫొటోల్లో ఎక్కువ భాగం ఏ కారణంతో పాడయ్యాయో ఒక్క వాక్యంలో రాసుకోండి. ముందున్న నిర్ణయాలన్నీ ఆ వాక్యం మీదే ఆధారపడతాయి. ఆ వాక్యం రాయలేకపోతున్నారంటే, కొనుగోలును కొంతకాలం వాయిదా వేయడమే మంచిదని నా అభిప్రాయం.

2. మొత్తం డబ్బును ముందే విభజించండి

కెమెరా పెట్టె మీద కనిపించే ధర మీ అసలు ఖర్చు కాదు. మెమరీ కార్డు, అదనపు బ్యాటరీ, బ్యాగు, తుడిచే సామగ్రి, కొన్ని రకాల ఫొటోగ్రఫీకి ట్రైపాడ్ కూడా కావాలి. మీ దగ్గరున్న మొత్తాన్ని 100 భాగాలనుకుంటే, బాడీకి 45 నుంచి 50, లెన్స్‌లకు 30 నుంచి 35, మిగతా సరంజామాకు 15 నుంచి 20 భాగాలు కేటాయించడం సమంజసంగా ఉంటుంది. బాడీ ఒక్కటే 80 భాగాలు మింగేస్తుంటే, అది ఎంత మంచిదైనా మీ బడ్జెట్‌కు తగినది కాదు.

ఫొటోలను సరిదిద్దే పని గురించీ ఇప్పుడే ఆలోచించాలి. 24 మెగాపిక్సెళ్ల కెమెరాలో ఒక రా ఫైలు (తర్వాత సరిదిద్దుకోవడానికి పూర్తి సమాచారాన్ని దాచే ఫైలు) దాదాపు 20 నుంచి 30 మెగాబైట్ల పరిమాణం ఉంటుంది. పాత కంప్యూటర్ ఈ ఫైళ్లను తెరవడానికి ఇబ్బంది పడవచ్చు, హార్డ్ డిస్క్ కూడా త్వరగా నిండిపోతుంది. సాఫ్ట్‌వేర్‌కు మాత్రం డబ్బు పెట్టనక్కర్లేదు. డార్క్‌టేబుల్, రాథెరపీ పూర్తిగా ఉచితం. కానన్, నికాన్ సంస్థలు కూడా తమ కెమెరాల రా ఫైళ్లను సరిదిద్దే ప్రోగ్రామ్‌లను ఉచితంగానే ఇస్తున్నాయి.

3. సెన్సర్ పరిమాణం: ఎంత ఉంటే చాలు

సెన్సర్ అంటే వెలుతురును ఫొటోగా మార్చే చిప్. దాని విస్తీర్ణం పెరిగేకొద్దీ, అదే ఎక్స్‌పోజర్‌లో (సెన్సర్ మీద ఒక్కో చోట పడే వెలుతురు అంతే ఉన్నా) కెమెరా మొత్తమ్మీద ఎక్కువ వెలుతురును పోగుచేస్తుంది, చీకటి ఫొటోల్లో గరుకుదనం తగ్గుతుంది. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ కొలత 36 × 24 మి.మీ. నికాన్, సోనీ, ఫ్యూజీఫిల్మ్ కెమెరాల్లోని ఏపీఎస్-సీ సెన్సర్ సుమారు 23.5 × 15.6 మి.మీ. ఉంటుంది, కానన్‌లో ఇంకొంచెం చిన్నది. ఒలింపస్ (ఇప్పుడు ఓఎం సిస్టమ్), పానసోనిక్ వాడే మైక్రో ఫోర్ థర్డ్స్ 17.3 × 13 మి.మీ., ఒక అంగుళం సెన్సర్ అని పిలిచేది 13.2 × 8.8 మి.మీ., చవక జూమ్ కెమెరాల్లో ఉండే 1/2.3 అంగుళాల సెన్సర్ 6.2 × 4.6 మి.మీ. మాత్రమే. విస్తీర్ణం లెక్కన చూస్తే ఈ చివరిదానికన్నా ఏపీఎస్-సీ దాదాపు 13 రెట్లు పెద్దది. అందుకే పెట్టె మీద 60 రెట్ల జూమ్ అని ఎంత పెద్ద అక్షరాలతో రాసి ఉన్నా, సాయంత్రం వేళకు ఆ కెమెరా ఫలితాలు ఫోన్ కన్నా గొప్పగా ఉండవు.

తొలి కెమెరాకు ఏపీఎస్-సీ గానీ మైక్రో ఫోర్ థర్డ్స్ గానీ సరిపోతుంది. పాత ఫుల్‌ఫ్రేమ్ బాడీలు సెకండ్ హ్యాండ్‌లో ఊరించే ధరకు దొరుకుతాయన్న మాట నిజమే గానీ, ఆ సెన్సర్‌ను పూర్తిగా వాడుకోగల లెన్స్‌లు బరువుగానూ ఖరీదుగానూ ఉంటాయి. బాడీ మీద మిగిలిందనుకున్న డబ్బు మొదటి జూమ్ లెన్స్‌తోనే హరించుకుపోతుంది.

మెగాపిక్సెళ్ల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. 8 × 10 అంగుళాల ప్రింట్‌ను అంగుళానికి 300 చుక్కల నాణ్యతతో వేయడానికి 7.2 మెగాపిక్సెళ్లు చాలు. 4కె తెర నిండా చూపడానికి 8.3 చాలు. 16 నుంచి 24 మధ్య ఏ సంఖ్య ఉన్నా దాన్ని పట్టించుకోకుండా ముందుకు వెళ్లిపోవచ్చు.

4. డీఎస్ఎల్ఆర్, మిర్రర్‌లెస్, లెన్స్ విడిపోని కెమెరా

డీఎస్ఎల్ఆర్‌లో లెన్స్ నుంచి వచ్చిన వెలుతురును ఒక అద్దం వ్యూఫైండర్‌లోకి (కన్ను ఆనించి చూసే కిటికీలోకి) మళ్లిస్తుంది. మిర్రర్‌లెస్‌లో ఆ అద్దం ఉండదు, సెన్సర్ చూస్తున్నదే తెర మీద కనిపిస్తుంది. లెన్స్ మార్చుకోగల తొలి మైక్రో ఫోర్ థర్డ్స్ మిర్రర్‌లెస్ కెమెరాను పానసోనిక్ 2008లో జి1 పేరుతో విడుదల చేసింది. కానన్, నికాన్ 2018లో తమ ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ వ్యవస్థలను తెచ్చాక, కొత్త పరిశోధన అంతా ఇంచుమించు అటువైపే మళ్లింది. తక్కువ డబ్బుతో కొనేవారికి ఇది కలిసొచ్చే పరిణామం. చాలామంది మిర్రర్‌లెస్‌కు మారిపోవడంతో మంచి డీఎస్ఎల్ఆర్‌లూ వాటి లెన్స్‌లూ సెకండ్ హ్యాండ్‌లో చవకగా దొరుకుతున్నాయి. మౌంట్ అంటే లెన్స్ బాడీకి బిగుసుకునే అమరిక. నికాన్ ఎఫ్ మౌంట్ 1959 నుంచి, కానన్ ఈఎఫ్ మౌంట్ 1987 నుంచి వాడుకలో ఉన్నాయి కాబట్టి, వాటికి తయారైన లెన్స్‌ల సంఖ్య చాలా పెద్దది.

డీఎస్ఎల్ఆర్ బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. నికాన్ డి3500కు ప్రామాణిక పరీక్షలో ఒక్క చార్జింగ్‌తో 1550 ఫొటోలు అని లెక్క వస్తే, తొలిస్థాయి మిర్రర్‌లెస్‌లకు ఆ సంఖ్య 300 నుంచి 400 ప్రాంతంలో ఉంటుంది. మరోవైపు, మిర్రర్‌లెస్‌లో ఫొటో ఎంత వెలుతురుగా వస్తుందో నొక్కకముందే కనిపించడం వల్ల ఎక్స్‌పోజర్ నేర్చుకోవడం తేలికవుతుంది. కంటిని గుర్తించి ఫోకస్ చేసే సౌకర్యం కదిలే పిల్లల ఫొటోల్లో ఎంతో అక్కరకొస్తుంది. వీడియోలో తేడా ఇంకా ఎక్కువ. వెనుక తెర చూస్తూ తీసేటప్పుడు పాత డీఎస్ఎల్ఆర్‌లు ఫోకస్ కోసం ముందుకూ వెనక్కూ తడుముకుంటాయి. కానన్ 2013లో 70డి తో మొదలుపెట్టిన డ్యూయల్ పిక్సెల్ పద్ధతి ఉన్న బాడీలు దీనికి మినహాయింపు. 2017లో వచ్చిన 200డి కూడా అలాంటిదే.

స్థూలంగా నా సలహా ఇది: ఫొటోలే ముఖ్యమై, బడ్జెట్ బాగా తక్కువైతే సెకండ్ హ్యాండ్ డీఎస్ఎల్ఆర్ తీసుకోండి. వీడియో కూడా సమానంగా కావాలంటే, చిన్న బ్యాగులో పట్టడం ముఖ్యమైతే మిర్రర్‌లెస్ తీసుకోండి. అయితే ఏది కొన్నా నిలిచిపోయిన మౌంట్ జోలికి వెళ్లకండి. నికాన్ 1, శామ్‌సంగ్ ఎన్ఎక్స్, కానన్ ఈఎఫ్-ఎం కెమెరాలు ఇప్పుడు చవకగా కనిపించడానికి కారణం వాటికి కొత్త లెన్స్‌లు రాకపోవడమే. రేపు ఇంకో లెన్స్ కావలసి వస్తే వెతుకులాట మొదలవుతుంది, అమ్మబోతే కొనేవారు దొరకరు. ఉన్న లెన్స్‌తోనే సరిపెట్టుకుంటానని ఖచ్చితంగా తెలిసినవారి సంగతి వేరు.

లెన్స్ విడిపోని కెమెరాలను చిన్నచూపు చూడనక్కర్లేదు. 2012లో వచ్చిన సోనీ ఆర్ఎక్స్100 జేబులో పట్టే పరిమాణంలోనే ఒక అంగుళం సెన్సర్‌ను ఇచ్చింది. పానసోనిక్ ఎఫ్‌జెడ్1000లో అదే పరిమాణపు సెన్సర్‌కు ఫుల్‌ఫ్రేమ్‌లో 25 నుంచి 400 మి.మీ.కు సమానమైన జూమ్ జతచేశారు. పగటిపూట పక్షులనూ ప్రయాణ దృశ్యాలనూ ఒకే కెమెరాతో తీయాలనుకునేవారికి, ఒక బాడీ, రెండు లెన్స్‌లు కొనడం కన్నా ఇలాంటి కెమెరా సెకండ్ హ్యాండ్‌లో తీసుకోవడం లాభం.

5. లెన్స్ ఎంపిక

తక్కువ డబ్బుతో కొనేవారు ఎక్కువ సమయం వెచ్చించవలసిన మెట్టు ఇదే.

బాడీతో పాటు వచ్చే 18-55 మి.మీ. కిట్ లెన్స్ నేర్చుకోవడానికి బాగానే ఉంటుంది. దాని లోపమల్లా వెలుతురు దగ్గరే. 55 మి.మీ. వైపు దాని అపెర్చర్ (వెలుతురు దూరే రంధ్రం, ఎఫ్ పక్కన సంఖ్య తగ్గేకొద్దీ అది పెద్దదవుతుంది) ఎఫ్/5.6 కన్నా తెరుచుకోదు. ఎఫ్/1.8 వరకూ తెరుచుకునే ప్రైమ్ లెన్స్ (జూమ్ లేనిది) దానికి దాదాపు పది రెట్ల వెలుతురును లోపలికి తెస్తుంది. సంఖ్యల్లో చూస్తే తేడా బాగా తెలుస్తుంది. సాయంత్రం గదిలో ఐఎస్ఓ 1600 పెట్టి, ఎఫ్/5.6 దగ్గర తీస్తే కెమెరా 1/15 సెకను అడిగిందనుకుందాం. కూర్చున్న మనిషి తల తిప్పితే చాలు, ముఖం చెరిగిపోతుంది. అదే వెలుతురులో, అదే ఐఎస్ఓతో ఎఫ్/1.8 కు వస్తే షటర్ స్పీడ్ 1/160 దగ్గరకు చేరుతుంది, మాట్లాడుతూ నవ్వుతున్న మనిషి కూడా స్పష్టంగా వస్తాడు. ఇంత మార్పును బాడీ మార్చి సాధించాలంటే ఎన్నో రెట్లు ఖర్చు పెట్టాలి. మీరు మొదటి మెట్టులో రాసుకున్న వాక్యంలో చీకటి, కదలిక అన్న మాటలు ఉంటే, కొత్త బాడీ ఆశ మానుకుని, పాత బాడీకి ఒక ఎఫ్/1.8 ప్రైమ్ లెన్స్ జతచేయండి.

ఏ ప్రైమ్ అన్నది రెండో ప్రశ్న. ఏపీఎస్-సీ బాడీ మీద 50 మి.మీ. లెన్స్ ఫుల్‌ఫ్రేమ్‌లో 75 లేదా 80 మి.మీ. లెన్స్‌లా చూస్తుంది. ముఖచిత్రాలకు అది చక్కగా ఉంటుంది గానీ, చిన్న గదిలో నలుగురిని ఒకే ఫొటోలోకి తేవాలంటే వీపు గోడకు ఆనిపోతుంది. 35 మి.మీ. అయితే మన చూపుకు దగ్గరగా ఉండి ఎక్కువ సందర్భాల్లో పనికొస్తుంది. కిట్ లెన్స్ అందుబాటులో ఉంటే, ఒక రోజంతా దాన్ని 35 దగ్గర, మరో రోజంతా 50 దగ్గర కదపకుండా ఉంచి తీసి చూడండి. ఏది కొనాలో మీ ఫొటోలే చెబుతాయి.

దూరంగా ఉన్నవి తీయడానికి 55-250, 70-300 మి.మీ. తరహా చవక టెలిఫొటో జూమ్‌లు ఉన్నాయి. ఎగిరే పక్షి రెక్కలు నిలిచిపోయినట్టు రావాలంటే షటర్ స్పీడ్ కనీసం 1/1000, తరచుగా 1/2000 కావాలి కాబట్టి, ఎఫ్/5.6 లేదా ఎఫ్/6.3 లెన్స్‌లు ఎండ బాగా ఉన్నప్పుడే ఆ పని చేయగలవు. పువ్వులు, పురుగులు తీయాలనుకునేవారు ఖరీదైన మ్యాక్రో లెన్స్‌కు పోకుండా, ఉన్న లెన్స్‌కూ బాడీకీ మధ్య బిగించే ఎక్స్‌టెన్షన్ ట్యూబులతో మొదలుపెట్టవచ్చు. వాటిలో విద్యుత్ కాంటాక్టులు ఉన్నవే తీసుకోవాలి, లేకపోతే నేటి లెన్స్‌ల అపెర్చర్‌ను బాడీ నుంచి మార్చడం కుదరదు.

చేతి వణుకును తగ్గించే స్టెబిలైజేషన్ కొన్ని వ్యవస్థల్లో లెన్స్‌లో ఉంటుంది, ఒలింపస్ బాడీల్లోనూ పెంటాక్స్ డీఎస్ఎల్ఆర్‌లలోనూ బాడీలోనే ఉంటుంది. బాడీలో ఉంటే ఏ పాత లెన్స్ పెట్టినా ఆ సాయం అందుతుంది. అయితే అది ఆపేది మీ చేతి వణుకునే గానీ, ఎదుటివారి కదలికను కాదు. పరుగెత్తే పిల్లవాడి ఫొటోకు స్టెబిలైజేషన్ కన్నా 1/500 సెకను షటర్ స్పీడే ముఖ్యం.

పాత లెన్స్ చవకగా దొరికిందని సంబరపడేముందు ఆటోఫోకస్ సంగతి చూసుకోండి. నికాన్ డి3000, డి5000 శ్రేణుల బాడీల్లో ఫోకస్ మోటార్ ఉండదు. సొంత మోటార్ లేని పాత ఏఎఫ్-డి లెన్స్‌లు వాటికి బిగుస్తాయి, ఫొటోలూ వస్తాయి, కానీ ఫోకస్‌ను మీరే చేత్తో తిప్పుకోవాలి. ఆ బాడీలకు సొంత మోటార్ ఉన్న ఏఎఫ్-ఎస్ లేదా ఏఎఫ్-పి లెన్స్‌లే తీసుకోవాలి. ఏఎఫ్-పి లెన్స్‌లు కొన్ని పాత బాడీలతో పూర్తిగా కుదరవు కాబట్టి, ఏ బాడీకి ఏది కుదురుతుందో నికాన్ ఇచ్చే పట్టికలో సరిచూసుకోవాలి. నికాన్ జెడ్ బాడీలకు ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో పాత లెన్స్‌లు బిగించినప్పుడూ ఏఎఫ్-డి లెన్స్‌లకు ఆటోఫోకస్ ఉండదు. కానన్ ఆర్‌ఎఫ్ బాడీల మీద సంస్థ అడాప్టర్‌తో ఈఎఫ్ లెన్స్‌లు ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి. పాత లెన్స్‌లతో మొదలుపెట్టి ముందుముందు మిర్రర్‌లెస్‌కు మారాలనుకునేవారు ఈ తేడాను లెక్కలోకి తీసుకోవాలి.

6. బాడీలో ఉండాల్సినవి, లేకపోయినా నడిచేవి

తొలిస్థాయి బాడీల ధర తగ్గించడానికి ప్రతి సంస్థా ఏదో ఒకటి కోసేస్తుంది. మీకు అవసరమైనదే కోసేశారా అన్నదే చూసుకోవాలి. 2014లో వచ్చిన సోనీ ఆల్ఫా 6000 సెకనుకు 11 ఫొటోలు తీయగలదు, దాని ఆటోఫోకస్ నేటికీ మెచ్చుకోదగ్గదే. కానీ మైక్ పెట్టుకునే సాకెట్ లేదు, 4కె వీడియో లేదు. నికాన్ జెడ్30 వీడియోకు చక్కటి బాడీ, అయితే వ్యూఫైండర్ లేకపోవడం వల్ల ఎండలో తెర చూడటం కష్టమవుతుంది. కానన్ ఆర్100 ధర తక్కువే గానీ, దాని తెర మడవడానికి రాదు, తాకితే పనిచేయదు. ఇవేవీ చెడ్డ కెమెరాలు కావు. ఒకరికి అసలే అక్కర్లేని సౌకర్యం ఇంకొకరికి రోజూ కావలసినదై ఉంటుంది.

రా ఫైలు తీయగలగడం, అపెర్చర్‌నూ షటర్ స్పీడ్‌నూ చేత్తో మార్చుకోగలగడం, పైన ఫ్లాష్ బిగించే హాట్ షూ ఉండటం తప్పనిసరి అంటాను. వైఫై నిదానంగా ఉందనో, బాడీకి వాతావరణ రక్షణ లేదనో మంచి బేరం వదులుకోనక్కర్లేదు. వీలైతే కొనేముందు ఆ మోడల్‌ను ఒక్కసారైనా చేత్తో పట్టుకుని చూడండి. చిటికెన వేలు పట్టుకు అందక కిందికి జారిపోతున్నా, బొటనవేలు తగిలి బటన్లు నొక్కుకుపోతున్నా, ఆ అసౌకర్యం వాడేకొద్దీ పెరుగుతుందే గానీ తగ్గదు.

7. సెకండ్ హ్యాండ్ కెమెరాను ఎలా పరీక్షించాలి

పరిమిత బడ్జెట్‌లో సెకండ్ హ్యాండ్‌ను మొదటి ఎంపికగానే చూడాలి. వాడిన సరుకు అమ్మే పేరున్న దుకాణం కొన్ని రోజుల రిటర్న్ గడువు ఇస్తుంటే, వ్యక్తి దగ్గర కొన్నదానికన్నా కాస్త ఎక్కువ ఇచ్చినా తప్పులేదు. నేరుగా వ్యక్తి దగ్గర కొనేటప్పుడు పగటి వెలుతురులో కలవండి. మీ మెమరీ కార్డు, చిన్న టార్చి, వీలైతే ల్యాప్‌టాప్ వెంట తీసుకెళ్లండి. పరీక్ష పూర్తయ్యాకే డబ్బు ఇవ్వండి.

ముందు బయటి నుంచి చూడాలి. గీతలు ఉన్నా పర్వాలేదు. మూలలు నొక్కుకుపోవడం, అడుగున ట్రైపాడ్ బిగించేచోటు వంకర పోవడం, స్క్రూల తలలు అరిగి ఉండటం మాత్రం కిందపడిన, లేదా ఎవరో విప్పిన గుర్తులు. బ్యాటరీ గదిలో పచ్చటి తుప్పు ఉంటే తేమ లోపలికి చేరిందన్నమాట. బ్యాటరీ ఉబ్బి, బయటికి తీసేటప్పుడు పట్టేస్తుంటే దాన్ని మార్చే ఖర్చును బేరంలో తగ్గించుకోండి. ప్రతి బటన్‌నూ నొక్కి, ప్రతి డయల్‌నూ రెండు వైపులా తిప్పి చూడండి. ఒక్కసారి తిప్పితే విలువ రెండు మూడు అడుగులు దూకుతున్నా, వెనక్కి వెళ్తున్నా ఆ డయల్ అరిగిపోయినట్టే.

తర్వాత సెన్సర్. అపెర్చర్‌ను ఎఫ్/16 కు మూసి, తెల్లటి గోడనో మబ్బు లేని ఆకాశాన్నో ఫోకస్ లేకుండా తీయండి. ఆ ఫొటోను కెమెరా తెర మీద పెద్దది చేసి, ఒక మూల నుంచి మరో మూల దాకా నెమ్మదిగా జరుపుతూ చూడండి. గుండ్రటి బూడిద రంగు మచ్చలు కనిపిస్తే అవి దుమ్ము, గాలి బుడ్డితో గానీ శుభ్రపరిచే కిట్‌తో గానీ పోతాయి. సన్నటి గీత కనిపించి, శుభ్రం చేశాక కూడా అక్కడే ఉంటే అది గాటు కావచ్చు, ఆ కెమెరా వదిలేయండి. లెన్స్ మూత పెట్టి కొన్ని సెకన్ల ఎక్స్‌పోజర్‌తో ఒక నల్లటి ఫొటో తీస్తే, ఎర్రగానో తెల్లగానో వెలిగే చెడిపోయిన పిక్సెళ్లు బయటపడతాయి. ఒకటి రెండుంటే కంగారుపడనక్కర్లేదు.

షటర్ కౌంట్ (షటర్ ఇప్పటిదాకా ఎన్నిసార్లు తెరుచుకుందో ఆ లెక్క) అడగడం మరువకండి. తొలిస్థాయి డీఎస్ఎల్ఆర్‌ల షటర్ సాధారణంగా 1,00,000 సార్లకు, నికాన్ డి7200 వంటి పైశ్రేణి బాడీల షటర్ 1,50,000 సార్లకు పరీక్షించి ఉంటుంది. ఇది ఆయుష్షు రేఖ కాదు, తయారీదారు ఇచ్చే అంచనా మాత్రమే. దాన్ని దాటి చాలాకాలం పనిచేసేవీ ఉంటాయి, చేరకముందే ఆగిపోయేవీ ఉంటాయి. నికాన్ కెమెరాల్లో ఈ సంఖ్య ఫొటో ఫైలులోనే నమోదవుతుంది కాబట్టి, అప్పుడే తీసిన ఒక ఫొటోను ల్యాప్‌టాప్‌లో తెరిచి చూడవచ్చు. కానన్ బాడీల్లో చాలావాటికి కేబుల్ పెట్టి ప్రత్యేక సాఫ్ట్‌వేర్‌తో చదవవలసి వస్తుంది. అమ్మేవారు చెప్పిన సంఖ్యకూ బటన్ల అరుగుదలకూ పొంతన లేకపోతే అనుమానించండి.

లెన్స్ పరీక్షకు టార్చి కావాలి. రెండు మూతలూ తీసి, అపెర్చర్‌ను పూర్తిగా తెరిచి, ఒక వైపు నుంచి టార్చి వెలుగును ఏటవాలుగా పంపి మరో వైపు నుంచి చూడండి. నాలుగైదు దుమ్ము కణాలు ప్రతి లెన్స్‌లోనూ ఉంటాయి, ఫొటోలో కనిపించవు. సాలెగూడు పోగుల్లాగా కొమ్మలు చాచిన తెల్లటి గీతలు గాజు అంచుల నుంచి లోపలికి పాకుతుంటే అది బూజు. అది లెన్స్ పూతను తినేస్తుంది. శుభ్రం చేయించినా మచ్చ మిగలవచ్చు, ఆ ఖర్చు చవక లెన్స్ ధరను మించిపోతుంది. గాజంతా పొగ పట్టినట్టు మసకగా ఉన్నా కొనవద్దు. అపెర్చర్ రేకుల మీద నూనె మెరుపు ఉంటే అవి అంటుకుపోయి ఆలస్యంగా మూసుకుంటాయి. తర్వాత లెన్స్‌ను బాడీకి బిగించి, దగ్గరి వస్తువు మీదా దూరపు వస్తువు మీదా మార్చి మార్చి ఫోకస్ చేయండి. వింత శబ్దం వస్తున్నా, మధ్యలో ఆగిపోతున్నా ఫోకస్ మోటార్ చెడిపోయే దశలో ఉంది.

సీరియల్ నంబర్ చెరిపేసిన కెమెరాను ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకూడదు, అది దొంగ సొత్తు కావచ్చు. మెనూ భాషలు కూడా చూడండి. జపాన్ మార్కెట్ కోసం తయారైన సోనీ కెమెరాల్లో చాలావాటికి మెనూ జపనీస్‌లోనే ఉంటుంది, మార్చడం కుదరదు. కొత్త కెమెరా అయినా సరే, అధీకృత విక్రేత కాని చోట అసాధారణంగా తక్కువ ధరకు ఇస్తుంటే, ఆ వారంటీ మీ దేశంలో చెల్లుతుందో లేదో సంస్థ సర్వీస్ కేంద్రంలో ముందే విచారించాలి.

8. మిగతా సరంజామా

మెమరీ కార్డు దగ్గర పిసినారితనం పనికిరాదు. వి30 గుర్తు ఉన్న కార్డు సెకనుకు కనీసం 30 మెగాబైట్లు నిలకడగా రాసుకోగలదు. 4కె వీడియోకు చాలా తొలిస్థాయి కెమెరాల్లో సెకనుకు 12.5 మెగాబైట్లు సరిపోతాయి కాబట్టి, అంతకన్నా వేగవంతమైనది అక్కర్లేదు. ఒక పెద్ద కార్డు కన్నా 64 గిగాబైట్లవి రెండు మేలు. బాగా పాత కెమెరాలు 32 గిగాబైట్లకు మించిన కార్డులను చదవకపోవచ్చు, మాన్యువల్ చూసుకోండి. నకిలీ కార్డులు విస్తారంగా అమ్ముడవుతున్నాయి. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రామ్‌లు కార్డును మొదటి నుంచి చివరి దాకా నింపి, మళ్లీ చదివి, అసలు సామర్థ్యాన్ని తేలుస్తాయి.

లెన్స్ మీద చవక యూవీ ఫిల్టర్ బిగించమని అమ్మేవారు బలవంతపెడతారు. దానికన్నా లెన్స్ హుడ్ కొనండి. అది పక్క నుంచి పడే వెలుగునూ ఆపుతుంది, చిన్న దెబ్బలనూ కాచుకుంటుంది. పుల్లల్లాంటి కాళ్లున్న ట్రైపాడ్ గాలికి కెమెరాతో సహా పడిపోతుంది కాబట్టి, గట్టిది కొనేదాకా కెమెరాను బల్ల మీదో గోడ మీదో ఆనించి టైమర్‌తో తీయడమే నయం. తేమ ఎక్కువగా ఉన్నప్పుడు కెమెరాను గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచి, లోపలి తేమను 40 నుంచి 50 శాతం మధ్య నిలపాలి. తోలు సంచుల్లో, బట్టల అలమారలో నెలల తరబడి వదిలేసిన లెన్స్‌లకే బూజు ఎక్కువగా పడుతుంది.

9. తొలి వారంలో చేయవలసినవి

కొన్నది కొత్తదైనా పాతదైనా, రిటర్న్ గడువు ముగియకముందే దాన్ని కష్టపెట్టి చూడాలి. బ్యాటరీని నిండుగా చార్జ్ చేసి, పూర్తిగా అయిపోయేదాకా ఒకే రోజులో వాడండి. చదునైన గోడకు వార్తాపత్రిక అతికించి, కెమెరాను దానికి సమాంతరంగా నిలిపి, అపెర్చర్ పూర్తిగా తెరిచి ఒకటి, ఎఫ్/8 దగ్గర ఒకటి తీయండి. ఎఫ్/8 ఫొటోలో ఒక వైపు అక్షరాలు పదునుగా ఉండి, రెండో వైపు చెరిగిపోయినట్టు ఉంటే, లెన్స్ లోపలి గాజులు పక్కకు జరిగి ఉండవచ్చు. కెమెరా నిజంగా సమాంతరంగానే ఉందో లేదో మళ్లీ సరిచూసుకుని తీసినా ఫలితం మారకపోతే వెంటనే తిప్పి పంపండి. వీడియో అవసరమైనవారు కనీసం 20 నిమిషాలు ఆపకుండా రికార్డు చేసి, కెమెరా వేడెక్కి ఆగిపోతుందేమో చూడాలి. వైఫై, ఫ్లాష్, మైక్ సాకెట్ వంటివి ఇప్పుడు అవసరం లేకపోయినా ఒక్కసారి వాడి చూడాలి.

ఈ పరీక్షల్లో తీసిన అసలు ఫైళ్లను చెరిపేయకుండా, బిల్లు ప్రతి, బాడీ, లెన్స్‌ల సీరియల్ నంబర్ల ఫొటో, వారంటీ కార్డు ప్రతితో కలిపి ఒకే ఫోల్డర్‌లో భద్రపరచండి. లోపం బయటపడి విక్రేతతో గానీ సర్వీస్ కేంద్రంతో గానీ మాట్లాడవలసి వస్తే, ముందుగా అడిగేవి ఇవే.